స్పీకర్ అంకెలకూ తేమ చూడాలి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. డాబా మీద పదికి పది అడుగుల గది ఉంది. అందులో భక్తి పాటలు, షార్ట్ ఫిల్ముల డబ్బింగు, పెళ్లి వీడియోలకు వాయిస్ ఓవర్లు చేస్తుంటాను. ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్స్‌తో, పాత హోమ్ థియేటర్ డబ్బాలతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు జత 60 వేల లోపు కోయాక్సియల్ (పెద్ద స్పీకర్ నడుమే చిన్న స్పీకర్ ఉండే రకం) స్టూడియో మానిటర్లు, అంటే మిక్సింగ్ చేసేటప్పుడు వినే స్పీకర్లు, కొందామని మూడు చూసి పెట్టుకున్నాను. మొదటిది 5 అంగుళాలది: 48 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని ఉంది. ఒక మీటర్ దూరంలో పీక్ 104 డెసిబెల్స్ అట. రెండోది 8 అంగుళాలది: 35 హెర్ట్జ్ నుంచి 22 కిలోహెర్ట్జ్, 200 వాట్లు, 116 డెసిబెల్స్. మూడోది త్రీ-వే, అంటే మూడు స్పీకర్లు పని పంచుకునే రకం, నా బడ్జెట్ మీద 18 వేలు ఎక్కువ. మైకు సెట్టు నడిపే మా బాబాయి రెండోదే తీసుకోమంటున్నాడు. అంకెలు చూస్తే నాకూ అదే బాగుందనిపిస్తోంది గానీ ఎక్కడో టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు? పాత డబ్బాలు అమ్మేయనా?

సమాధానం: మీ టెన్షన్‌కి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మొదటి స్పీకర్ అంకెల పక్కన షరతులు రాశారు, రెండోదాని పక్కన ఏమీ రాయలేదు. మీరు రాయడం మర్చిపోలేదు. కంపెనీవాడే రాయలేదని నా అనుమానం.

మీది ధాన్యం పండే ఊరు కాబట్టి ఇలా చెబుతాను. ఎకరానికి నలభై బస్తాలు అయ్యాయని ఒకాయన అంటాడు. బస్తా అంటే 75 కిలోలని మనకు తెలుసు. అయినా మిల్లుకు తోలేసరికి ముందు తేమ మిషన్ పెడతారు. 17 శాతం లోపుంటే ఒక మాట, కోత మిషన్ నుంచి దిగినవి దిగినట్టు 24 ఉంటే ఇంకో మాట. బస్తా అదే, కాటా అదే, లోపల ఉన్న బియ్యం మాత్రం వేరు. తేమ చెప్పకుండా బస్తాల లెక్క చెప్పేవాణ్ణి మన దగ్గర ఎవరూ నమ్మరు. స్పీకర్ డబ్బా మీద మాత్రం 35 హెర్ట్జ్ అని ఉంటే నమ్మేస్తాం.

హెర్ట్జ్ అంటే స్వరం ఎంత కిందిదో ఎంత పైదో చెప్పే అంకె, డెసిబెల్ అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పేది. ఆ 35 హెర్ట్జ్ దగ్గర శబ్దం మిగతా స్వరాలతో సమానంగా వస్తోందా, ఎంత తగ్గి వస్తోంది అన్నదే తేమ శాతం. ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అంటే ఆ హద్దుల మధ్య ఏ స్వరమూ అంతకు మించి లేవదు, అంతకు మించి పడదు అని కంపెనీ మాట ఇస్తున్నట్టు. మైనస్ 10 దగ్గర కొలిచి చెప్పేవాళ్లూ ఉన్నారు. అది అబద్ధమేమీ కాదు, రాస్తే సరే. 10 డెసిబెల్స్ తగ్గిందంటే చెవికి దాదాపు సగం శబ్దంలా వినిపిస్తుంది. ఒకే స్పీకర్‌ని మైనస్ 10 దగ్గర కొలిస్తే 38 అని, మైనస్ 3 దగ్గర కొలిస్తే 48 అని రావచ్చు. అంటే మీ మొదటి స్పీకర్‌కీ రెండోదానికీ మధ్య కాగితం మీద కనిపించే తేడాలో ఎక్కువ భాగం కొలత పద్ధతి తేడాయే కావచ్చు. ఏ హద్దూ రాయకపోతే ఇక అది కొలతే కాదు, బోర్డు.

ఇప్పుడు మీ బాబాయి గారి మాట. ఆయన్ని తక్కువ చేయడం లేదు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కొబ్బరిచెట్ల మధ్య అంత జనానికి వినబడేలా సెట్టు పెట్టడం ఎంత కష్టమో ఒకసారి పక్కన నిలబడి చూశాను. ఆయన లోకంలో వాట్లు నిజంగానే అన్నం పెడతాయి. మీ గదిలో పెట్టవు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 100 వాట్ల స్పీకర్‌కీ 200 వాట్లదానికీ మధ్య ఉన్నది, వాల్యూమ్ బటన్ కాస్త తిప్పితే వచ్చే తేడా. పైగా ఒక వాట్‌కి ఎంత శబ్దం వస్తుందన్నది స్పీకర్‌ని బట్టి మారుతుంది. బాబాయి గారి హారన్ ఒక్క వాట్‌తో చేసే శబ్దం చేయడానికి చిన్న వూఫర్‌కి, అంటే కింది స్వరాలు పలికే స్పీకర్‌కి, వంద వాట్ల దాకా కావాలి. ఈ మాట చెబితే ఆయనే ఒప్పుకుంటారు. టేప్ రికార్డర్ల రోజుల్లో అరచేతిలో పట్టే డబ్బా మీద పీఎంపీఓ (క్షణంపాటు వస్తుందని చెప్పుకునే గరిష్ఠ పవర్) 1000 వాట్లు అని బంగారు రంగు స్టిక్కర్ ఉండేది, దాన్ని కూడా ఆయన చూసే ఉంటారు. ఆ స్టిక్కర్ పోయింది గానీ దాని బుద్ధి కొన్ని కాగితాల్లో ఇంకా బతికే ఉంది.

డెసిబెల్స్ అంకెకీ ఇవే ప్రశ్నలు. ఎంత దూరంలో? ఒక్క స్పీకరా, జతా? పీక్‌గా క్షణంపాటా, ఆగకుండా గంటసేపా? మీరు కూర్చునేది రెండున్నర, మూడు అడుగుల దూరంలో. రోజంతా మిక్సింగ్ చేసేవాళ్లు 75 నుంచి 80 డెసిబెల్స్ మధ్య వింటారు. డోలు దెబ్బ, డప్పు దెబ్బ లాంటివి సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి అనుకుందాం. అప్పుడూ 100 దాటదు. మీ మొదటి స్పీకర్ ఒక్కటే 104 ఇస్తానంటోంది, పక్కన జత కూడా ఉంటుంది. 116 మీకు ఎందుకండీ? ఆ గదిలో అంత పెట్టుకుంటే కింద వాటాలో అత్తయ్య గారు పైకొచ్చేస్తారు.

అంకెల సంగతి కాస్త పక్కన పెట్టి అసలు కోయాక్సియల్ ఎందుకు అన్నది చూద్దాం. మీరు అడగలేదు గానీ, ఇది తెలిస్తే మిగతాది మీరే తేల్చుకోగలరు.

మామూలు మానిటర్‌లో కింద వూఫర్, పైన పైస్వరాలు పలికే ట్వీటర్. రెండింటి మధ్య దూరం 5 అంగుళాల స్పీకర్‌లో సుమారు 15 సెంటీమీటర్లు. రెండూ పని పంచుకునే చోటు, అంటే క్రాసోవర్, చాలావాటిలో 2 కిలోహెర్ట్జ్ అటూ ఇటూగా ఉంటుంది. ఆ స్వరం తరంగం పొడవు 17 సెంటీమీటర్లు, జానెడు కంటే కాస్త తక్కువ. మీరు 75 సెంటీమీటర్ల దూరంలో ట్వీటర్ ఎత్తుకు చెవి పెట్టి కూర్చుంటే, వూఫర్ నుంచి వచ్చే శబ్దం ఒకటిన్నర సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ ప్రయాణిస్తుంది. కంపెనీ సరిదిద్దేది ఈ లెక్కకే. ఇప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడండి. చెవి అర మీటర్ పైకి వెళ్లింది. వూఫర్ దారికీ ట్వీటర్ దారికీ తేడా ఇప్పుడు 9 సెంటీమీటర్లు, అంటే దాదాపు సగం తరంగం. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. సరిగ్గా గొంతులో హల్లులు స్పష్టంగా వినిపించే ఆ ప్రాంతంలో గుంట పడుతుంది.

దూరంగా కూర్చుంటే ఈ తేడా చిన్నదవుతుంది. మీ గదిలో దూరంగా కూర్చోవడానికి చోటెక్కడ? పాట పాడినావిడ, వాళ్లాయన, తబలా ఆయన, ముగ్గురూ మీ కుర్చీ వెనక నిలబడి వింటారు. మీకు బాగుందనిపించిన గొంతు వాళ్లకు డొల్లగా వినిపిస్తుంది. 'కొంచెం ట్రెబుల్ పెంచండి గురువుగారూ' అంటారు, మీరు మొహమాటానికి పెంచుతారు. అక్కడితో పాట పోయింది.

కోయాక్సియల్‌లో ట్వీటర్ వూఫర్ నడిబొడ్డున కూర్చుంటుంది. కూర్చున్నా నిలబడ్డా పక్కకు వంగినా రెండు శబ్దాలూ ఒకే చోటు నుంచి బయలుదేరతాయి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో ఆల్టెక్ 604 అనేది 1940ల్లోనే స్టూడియోల్లో ఉంది, ఇంగ్లండ్‌లో టానాయ్ కంపెనీ డ్యూయల్ కాన్సెంట్రిక్ 1947లో వచ్చింది. 1988లో కెఫ్ కంపెనీ యూని-క్యూ అని తెచ్చింది. నియోడిమియమ్ అయస్కాంతం వల్ల ట్వీటర్ చాలా చిన్నదై, వూఫర్‌ని కదిలించే తీగచుట్ట (కాయిల్) మధ్యలోనే పట్టింది. ఆ తర్వాత క్లాస్-డి యాంప్లిఫయర్లు, లోపలే లెక్కలు చేసి శబ్దాన్ని సరిదిద్దే డీఎస్పీ చిప్పులు చవక అవడంతో మీ నా అందుబాటుకు వచ్చాయి.

అయితే ఈ అమరికకు ఒక జబ్బు ఉంది. అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ట్వీటర్ చుట్టూ ఉన్న వూఫర్ కోన్, అంటే ఊగుతూ శబ్దం చేసే గరాటులాంటి పొర, దానికి గోడలాంటిది, హారన్ గొట్టంలా పని చేస్తుంది. గోడ కదలకపోతే గొడవ లేదు. కానీ బేస్ వచ్చినప్పుడల్లా ఆ గోడే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఎంత ఊగుతుందో చూడండి: 80 హెర్ట్జ్ స్వరాన్ని ఒక మోతాదులో వినిపించడానికి కోన్ ఎంత కదలాలో, అదే మోతాదులో 40 హెర్ట్జ్ వినిపించడానికి దానికి నాలుగు రెట్లు కదలాలి. స్వరం సగానికి దిగితే కదలిక నాలుగింతలు. కాబట్టి వూఫర్, ట్వీటర్ రెండే ఉన్న చిన్న టూ-వే కోయాక్సియల్‌ని డీఎస్పీతో బలవంతంగా 38 దాకా దింపారంటే, ఆ అంకె కోసం పైన గొంతు స్పష్టతను తాకట్టు పెట్టినట్టే. నెమ్మదిగా వింటే తెలియదు. వాల్యూమ్ పెంచి, డోలు మోగుతుండగా గొంతు వినండి, ప్రతి దెబ్బకీ గొంతు కాస్త బొంగురుపోయినట్టు ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ కింద మొత్తం కోసేసి మళ్లీ వినండి. గొంతు ఒక్కసారిగా తేటపడిందంటే జబ్బు ఉన్నట్టే.

త్రీ-వే కోయాక్సియల్ ఈ జబ్బుకు మందు. బేస్‌కి విడిగా ఒక వూఫర్ పెట్టి, ట్వీటర్‌ని నడిమి స్వరాలు పలికే మిడ్‌రేంజ్ స్పీకర్ నడుమ కూర్చోబెడతారు. మిడ్‌రేంజ్ కోన్ పెద్దగా కదలదు. కాలీ కంపెనీ ఐఎన్-8 అలాంటిదే, 8 అంగుళాల వూఫర్ విడిగా, 4 అంగుళాల మిడ్‌రేంజ్ మధ్యలో ట్వీటర్. మీరు చూసిన మూడోదీ ఈ కుటుంబానిదే. 18 వేలు ఎక్కువ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కోయాక్సియల్ గురించి ఇంకో చిన్న సంగతి. అంతా గుండ్రంగా, సమంగా ఉండటం వల్ల కోన్ అంచుల నుంచి తిరిగొచ్చే శబ్దాలన్నీ సరిగ్గా నడి రేఖ మీదే ఒకేసారి కలుస్తాయి. అందుకని ముక్కుసూటిగా కొలిస్తే గ్రాఫ్‌లో పైస్వరాల దగ్గర చిన్న ఎగుడుదిగుడు కనిపించవచ్చు, పది పదిహేను డిగ్రీలు పక్కకు జరిగితే అది సర్దుకుంటుంది. గ్రాఫ్ చూసి బెంబేలెత్తకండి. స్పీకర్ని సరిగ్గా చెవి గూట్లోకి గురి పెట్టకుండా కాస్త పక్కకు తిప్పి వినండి.

కాగితం మీద ఉండే మిగతా అంకెలు త్వరగా చెప్పేస్తాను. డిస్టార్షన్ (అసలు శబ్దం చెడిపోవడం) 0.5 శాతం అని ఉంటే, ఏ వాల్యూమ్‌లో, ఏ స్వరం దగ్గర అని చూడండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర నెమ్మదిగా కొలిస్తే అందరికీ మంచి మార్కులే వస్తాయి, అసలు పరీక్ష 100 హెర్ట్జ్ కింద. క్రాసోవర్ అంకె రాశారంటే కంపెనీకి దాచుకునేది తక్కువని నేను అనుకుంటాను. పాటలు ఆగినప్పుడు వచ్చే హిస్ శబ్దం గురించి చాలామంది రాయరు. మీరు మూడు అడుగుల దూరంలో అర్ధరాత్రి డబ్బింగ్ ఎడిట్ చేసే మనిషి కాబట్టి షాపులోనే చెవి దగ్గర పెట్టి వినండి. బరువు చూసి క్వాలిటీ చెప్పే రోజులు పోయాయి, క్లాస్-డితో పాటు స్విచింగ్ పవర్ సప్లైలు వచ్చాక చాలావాటిలో బరువైన ట్రాన్స్‌ఫార్మరే లేదు.

వెనక వైపు వోల్టేజ్ స్విచ్ ఉందేమో మాత్రం తప్పకుండా చూడండి. నేను మొదటిసారి బయటి దేశం సరుకు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అది 115లో ఉందని అమ్మినవాడు చెప్పలేదు, నేను చూడలేదు. మన 230 ప్లగ్గులో పెట్టాను. 'టప్' అనే ఒక్క శబ్దం, కాలిన వాసన. ఆ స్పీకర్ నాకు వినిపించిన మొదటి పాట, ఆఖరి పాట అదే.

గ్రాఫ్ ఇచ్చారని సంబరపడకండి, నిలువు గీత మీద అంకెలు చూడండి. పై నుంచి కిందికి 100 డెసిబెల్స్ పట్టేలా గీస్తే కొండలు గుట్టలు కూడా గోదారి మీద నీళ్లలా చదునుగా కనిపిస్తాయి. 50 డెసిబెల్స్ స్కేలు అయితే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. స్మూతింగ్, అంటే గీతను నునుపు చేయడం, ఎంత చేశారో కూడా చూడాలి, మూడో వంతు ఆక్టేవ్ స్మూతింగ్ చేస్తే సన్నని గుంటలన్నీ పూడిపోతాయి.

నిజంగా పనికొచ్చే కొలత వేరే ఉంది. దాని పేరు సీటీఏ-2034, వాడుకలో స్పినోరమా అంటారు. స్పీకర్ చుట్టూ పది డిగ్రీలకొకసారి అడ్డంగానూ నిలువుగానూ 70 కొలతలు తీసి, వాటిని నాలుగైదు గీతలుగా కుదిస్తారు. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి శ్రోతలతో చేసిన పరీక్షల మీద నిలబడ్డ పద్ధతి ఇది. ఎదురుగా వచ్చే శబ్దం గీత చదునుగా ఉండాలి. గోడలకు, టేబుల్‌కు తగిలి వచ్చే శబ్దం గీత పైస్వరాల వైపు వెళ్లే కొద్దీ ఎక్కడా బుడిపెలు లేకుండా నిదానంగా దిగాలి. కోయాక్సియల్ అని చెప్పుకునే స్పీకర్‌లో నిలువు కొలతలు, అడ్డం కొలతలు దాదాపు ఒకేలా ఉండాలి. అలా లేకపోతే కోయాక్సియల్ కోసం ఇచ్చిన డబ్బు దండగ. కంపెనీ వాళ్లు ఇవ్వకపోయినా బయటివాళ్లు కొలిచి పెడుతుంటారు, మోడల్ పేరుతో వెతకండి. మీ రెండోదానికి ఎక్కడా దొరకలేదంటే నా మటుకు నేను దాన్ని అక్కడే వదిలేస్తాను.

ఇక మీ గది. నిజం చెప్పాలంటే మీ అసలు సమస్య స్పీకర్ కంటే ఇదే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. శ్లాబు ఎత్తు కూడా పది అడుగులే అనుకుంటున్నాను, మన డాబాలు చాలావరకు అంతే. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 56, 57 హెర్ట్జ్ దగ్గర ఒక మోత నిలబడిపోతుంది. మీ గదిలో అది మూడు వైపుల నుంచీ ఒకే స్వరం దగ్గర పోగవుతుంది. గోడ మూలల్లో ఆ స్వరం బుస్సుమంటుంది, గది సరిగ్గా నడుమ కూర్చుంటే మాయమవుతుంది. ఇలాంటి చోట 35 హెర్ట్జ్ దాకా దిగే స్పీకర్ తెస్తే ఆ మోతకు మేత వేసినట్టే. 48 దగ్గర ఆగే స్పీకర్‌తోనూ మోత ఉంటుంది గానీ దాని కింద ఇంకో గోల ఉండదు.

కాబట్టి గది నడుమ కూర్చోకండి. ఎదుటి గోడకు నాలుగు అడుగుల దూరంలో తల ఉండేలా కుర్చీ వేయండి. స్పీకర్లను ఎదుటి గోడకు వీలైనంత దగ్గరగా పెట్టి, వెనక బేస్ తగ్గించే స్విచ్ ఉంటే ఒక మెట్టు తగ్గించండి. వెనక వైపు గాలి రంధ్రం ఉన్న మోడల్ అయితే నాలుగైదు అంగుళాలు వదలండి. ఎడమ గోడకు, కుడి గోడకు దూరం టేపు పెట్టి సమానం చేయండి.

కోడిగుడ్ల అట్టలు అంటించమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తణుకు, అనపర్తి మన పక్కనే కాబట్టి అట్టలకు కరువు లేదు. దయచేసి వద్దు. పైస్వరాలను కాస్త మింగడం తప్ప అవేం చేయవు, నిప్పు అంటుకుంటే ఆగవు. మనకు అంతకంటే మంచి సరుకు చేతిలో ఉంది: కొబ్బరి పీచు. పరుపుల షాపులో రబ్బరు కలిపిన పీచు షీట్లు దొరుకుతాయి. నాలుగు అంగుళాల మందం వచ్చేలా పేర్చి, చెక్క ఫ్రేములో బిగించి, పైన పల్చని నూలు బట్ట లాగి కట్టండి. గోడకు ఆనించకుండా మరో నాలుగు అంగుళాలు వదిలి నిలబెడితే ఇంకా కింది స్వరాల దాకా పని చేస్తుంది. మీ రెండు పక్కలా ఒక్కొక్కటి, వెనక రెండు, నెత్తిమీద ఒకటి. 56 హెర్ట్జ్ మోతను ఇది పూర్తిగా చంపలేదు గానీ గొంతు చుట్టూ ఉండే డబ్బా మోత పోతుంది, మీకు కావలసింది ముందు అదే. పీచుకూ నిప్పు భయం ఉంది, వైర్లకు దూరంగా పెట్టండి. వానాకాలం బూజు పడుతుంది, దసరా వెళ్లాక ఒకసారి ఎండలో వేయండి.

తేమ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కోన్ చుట్టూ ఉండే అంచు రబ్బరుదా ఫోమ్‌దా అని అడగండి. మన ఉక్కలో ఫోమ్ కొన్నేళ్లకు పొడిపొడి అయిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద పని చేస్తారు కదా, అది సైన్ వేవ్ రకమేనా చూసుకోండి. స్క్వేర్ వేవ్ అయితే స్పీకర్లో తేనెటీగల పట్టు పెట్టినట్టే. 'హమ్' వస్తోందని త్రీపిన్‌లో ఎర్త్ పిన్ తీసేయమని ఎలక్ట్రీషియన్ చెబితే మాత్రం వినకండి. ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కీ మైకు, స్పీకర్లకీ మధ్య ఉండే పెట్టె) నుంచి స్పీకర్‌కి బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయండి, చాలావరకు అక్కడే తీరుతుంది.

కొనే ముందు రాజమండ్రి వెళ్లండి, కాదంటే విజయవాడ. ఫోన్‌లో పింక్ నాయిస్ ఫైల్ ఒకటి, మీరే రికార్డ్ చేసిన గొంతు ఒకటి, తంబురా శ్రుతి ఒకటి పెట్టుకెళ్లండి. ముందు పింక్ నాయిస్ వేయించి, ఒక్క స్పీకర్ ముందు కూర్చుని, మెల్లగా లేచి నిలబడి, మళ్లీ కూర్చోండి. వాన చప్పుడులాంటి ఆ శబ్దం రంగు మారకూడదు. పక్కనే ఉన్న మామూలు మానిటర్‌తో ఇదే చేయండి, తేడా మీకే తెలుస్తుంది. షాపులో నలుగురూ వింతగా చూస్తారు, చూడనివ్వండి. తర్వాత జతగా మీ గొంతు ఫైల్‌ని మోనోలో వేస్తే, గొంతు రెండు స్పీకర్ల నడుమ గాల్లో ఒక్క చోటే, సన్నగా నిలబడాలి. రెండు మోడళ్లు పోల్చేటప్పుడు ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టి శబ్దం సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినదే మన చెవికి మంచిదనిపిస్తుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు.

ఇక తీర్పు. మీ పని గొంతు. డబ్బింగు, వాయిస్ ఓవర్లు, శ్రుతితో పాడే భక్తి పాటలు. ఈ పనికి మొదటిదే తీసుకోండి, బయటి కొలతలు దొరికి, నిలువు గీతలు బాగున్నాయని చూసుకున్నాకే. మిగిలిన డబ్బులో పీచు ఫ్రేములు, ఒక కొలత మైకు వస్తాయి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాంతో మీ కుర్చీ దగ్గర ఏ స్వరం లేస్తోందో ఏది పడుతోందో మీరే చూసుకోవచ్చు. కుర్చీని అర అడుగు జరిపి మళ్లీ కొలవండి. స్పీకర్ మార్చినంత తేడా ఉచితంగా రావడం మీ కళ్లతో చూస్తారు.

డప్పులు, డోళ్లు, జాతర పాటలు ఎక్కువగా చేస్తానంటారా, అప్పుడు తొందరపడి ఇప్పుడే ఏదో కొనేయకుండా ఆ 18 వేలు పోగయ్యేదాకా ఆగి మూడోది తీసుకోండి. రెండోదాన్ని బాబాయి గారికి వదిలేయండి. చిన్న హాల్లో ఫంక్షన్లకు ఆయనకు పనికి రావచ్చు.

పాత హోమ్ థియేటర్ డబ్బాలు అమ్మకండి. అమ్మినా రెండు వేలు రావు. మీ పాటలు చివరికి మోగేది అలాంటి డబ్బాల్లోనే, గుడి దగ్గర, టీ కొట్లో, ఆటోలో. కొత్త మానిటర్ల మీద మిక్సింగ్ అయ్యాక ఒకసారి వాటిలో వేసి, గది తలుపు తీసి పెట్టి, మేడ మెట్ల మీద నుంచి వినండి. అక్కడికి సాహిత్యం అర్థమవుతుంటే పంపించేయండి.